పొగ ఉన్న చిరునామా

తవిటమ్మ బతికి ఉన్నట్టు తేలాలంటే నాలుగు పనులు జరగాలి: ఆమె ఇంటి కప్పు మీద పొగ కనిపించాలి, పొగను బట్టి నిప్పుందని, నిప్పును బట్టి వంటుందని, వంటను బట్టి తినే మనిషి ఉందని అనుమాన శాఖ వరసగా రాసుకోవాలి. ఆమె స్వయంగా వచ్చి నిలబడితే చెల్లదు. కళ్ళతో చూసి నమ్మడం కిందటి ఉగాది నుంచి రద్దయింది.

ఆయాసం మనిషి కావడంతో డాక్టరు కట్టెల పొయ్యి మాన్పించాడు. గ్యాసు పొయ్యికి పొగ రాదు. మూడు నెలలు చూసి, ఆమె పోయిందని తేల్చి, శాఖ రేషను బియ్యం ఆపేసింది.

ఆ ఫైలు చూసే గుమాస్తా పోలినాయుడు వాళ్ళ ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. తర్కం బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకున్నాడు. శ్రద్ధగా రాసి పెట్టాడు: "ఊపిరి పీలుస్తోంది కనుక బతికే ఉంది."

అధికారి తల ఎత్తలేదు. "కొలిమి తిత్తి కూడా ఊపిరి పీలుస్తుందయ్యా. బతికుందా? నీ హేతువు అటూ ఇటూ పోతోంది. అనైకాంతికం. కొట్టెయ్."

"మాట్లాడుతోంది సార్."

"రేడియో మాట్లాడదూ?"

బయట నిలబడ్డ తవిటమ్మ ఆఫీసు కిటికీలోంచి తొంగిచూసింది. "నానిక్కడే ఉన్నాను గదా బాబూ! పోనీ, రేపట్నుంచి తడికట్టెలు ముట్టిస్తాను."

"వద్దు మామ్మా, నిజంగానే పోతావు," అన్నాడు పోలినాయుడు.

"పోతే అప్పుడైనా బియ్యం ఇస్తారేటి?"

పోలినాయుడు ఆ మాట దగ్గర ఆగిపోయాడు. రిజిస్టరు తిరగేశాడు. ఏటి ఒడ్డు శ్మశానంలో రోజూ పొగే. పొగ ఉంది కనుక నిప్పు, నిప్పుంది కనుక వంట, వంటుంది కనుక తినేవాళ్ళు. అక్కడ రెండు వందల పన్నెండు మంది కాపురం ఉన్నట్టు శాఖ ఎప్పుడో తేల్చింది. వాళ్ళ బియ్యం ఏ నెలా ఆగలేదు. ఆ హేతువులో ఇంతవరకు ఎవరూ దోషం పట్టలేదు. వెళ్ళి చూడకూడదు కదా.

తవిటమ్మ చిరునామా అక్కడికి మార్చి పంపాడు. అధికారి రెండుసార్లు చదివి, "ఇదీ హేతువంటే" అని సంతకం పెట్టాడు.

తవిటమ్మ బియ్యం సంచి చంకనెత్తుకుని నవ్వింది. "మా ఆయనా ఆ చిరునామాలోనే ఉన్నాడు బాబూ. మళ్ళీ ఒక్క కార్డు మీద పడ్డాం."

పోలినాయుడి గుండెల మీంచి బరువు దిగింది.

మీరెప్పుడైనా ఆ ఏటి ఒడ్డున వెళ్తూ పొగ చూస్తే, తవిటమ్మ అన్నం వండుకుంటోందని ఒక్కసారి తలుచుకోండి. గ్యాసు పొయ్యి దగ్గర ఆమెను చూశామని మాత్రం ఎవరితోనూ అనకండి.