లకుముకికి తలుపెక్కడ?

ఆ రోజు స్కేలాయన పథకం చాలా చిన్నది. పదింటికి ఆఖరి బొమ్మ ఎడిటరమ్మ బల్ల మీద పెట్టాలి, పన్నెండింటికి పుస్తకం అచ్చుకి వెళ్లాలి, నాలుగింటికి తన ఉద్యోగం పర్మినెంటు చేస్తూ ఆవిడ సంతకం పెట్టాలి. పుస్తకాల విభాగంలో ఖాళీ ఒక్కటే ఉంది. దాని మీద ఆరు నెలలుగా తాత్కాలికంగా వేలాడుతున్నది ఈయనొక్కడే. చేతిలో స్కేలు లేకుండా ఎవరికీ ఎప్పుడూ కనపడలేదు కాబట్టి టీవీ స్టూడియోలో అందరికీ స్కేలాయనే. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తు లేదు.

బొమ్మ సంగతి కూడా చెప్పాలి. ఆ స్టూడియోలో ఆరేళ్లుగా ‘ఏడో కక్ష్య’ అనే అంతరిక్ష సీరియల్ తీస్తున్నారు. అందులో హీరో నడిపే యుద్ధనౌక పేరు లకుముకి. పిట్ట నీళ్లలోకి దూకినట్టు శత్రువుల మీదికి దూకుతుంది, ముక్కు కూడా అలాగే పొడుగ్గా ఉంటుంది. సీరియల్లోని నౌకలన్నిటినీ నిలువునా కోసి లోపల ఏముందో చూపించే పుస్తకం ఒకటి వేస్తున్నారు. స్కేలాయన లకుముకికి నలభై రెండు బాణాలు గీసి నలభై రెండు భాగాల పేర్లు రాశాడు. హీరో చెమట తుడుచుకునే తువ్వాలు కొక్కేన్ని కూడా ఫొటో మీద భూతద్దం పెట్టి కొలిచి మరీ గీశాడు.

పొద్దున్నే కాఫీ తాగుతుండగా అత్తగారు కళ్లజోడు సవరించుకుని ఆ బొమ్మ మీదికి వంగారు. ఆవిడ ఈ ఆరేళ్లలో ఒక్క భాగం కూడా వదల్లేదు. జ్వరం వస్తే టీవీ దగ్గరే దుప్పటి కప్పుకుని కూర్చున్నారు.

“అన్నీ బాగున్నాయి బాబూ. ఇంతకీ మనిషి ఇందులోకి ఎటునుంచి ఎక్కుతాడు?”

“తలుపులోంచి అత్తయ్యా.”

“అదే, తలుపెక్కడ?”

స్కేలాయన నవ్వి వేలు చూపించబోయాడు. ఆ వేలు ముక్కు దగ్గర మొదలై, రెక్క మీదుగా వెళ్లి, తోక చుట్టూ తిరిగి, మళ్లీ ముక్కు దగ్గరికే వచ్చింది. నవ్వు మాత్రం తోక దగ్గరే ఆగిపోయింది.

“వెనక ఉంటుందేమో.”

“వెనక ఇంజను కదా. పదిహేడో నంబరని మీరే రాశారు.”

“పైన అద్దం తెరుచుకుంటుందేమో.”

“ఆ అద్దాన్ని తెరిచే శక్తి విశ్వంలోనే లేదని వాళ్ల సేనాపతి మూడో భాగంలోనే చెప్పాడు కదా” అన్నారు అత్తగారు.

పక్కనే చొక్కా ఇస్త్రీ చేస్తున్న భార్య మనసు కీడు శంకించింది. “తలుపు సంగతి మీరిద్దరూ ఇక్కడే వదిలేయండి. ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు. పెన్సిలుతో ఓ తలుపు గీకేసి, సంతకం పెట్టించుకుని రండి” అంది.

గీకడం నిమిషం పని. కానీ పుస్తకాల విభాగంలో ఒక నియమం ఉంది. తెర మీద కనపడనిది, కొలతకు అందనిది గీయకూడదు. పైగా ఆ ప్రశ్న చెవిలో జోరీగలా దూరింది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని స్కేలాయన పాత భాగాలన్నీ గుర్తు చేసుకున్నాడు. సైరన్ మోగుతుంది, హీరో నడవాలో పరిగెడతాడు, మరుక్షణం లకుముకిలో బెల్టు బిగించుకుంటూ కనిపిస్తాడు. ఆ రెండింటి మధ్యా ఏం జరుగుతోంది? ఆరేళ్లుగా ఇంత పెద్ద సంగతి కళ్ల ముందే ఉంటే తనకెందుకు తట్టలేదు? దిగాల్సిన స్టాపు దాటిపోయాక గానీ ఈ లోకంలోకి రాలేదు.

ఎడిటరమ్మ గదికి వెళ్లాల్సినవాడు తిన్నగా వెనక షెడ్డుకు నడిచాడు. అసలు లకుముకిని దగ్గర్నుంచి చూడటం ఆయనకు అదే మొదటిసారి. ఇన్నాళ్లూ ఫొటోలతోనే పని గడిచింది. కుడి పక్క నుంచి చూస్తే నిజంగానే గుండె ఝల్లుమంది. అటు తిరిగి చూస్తే కర్రముక్కలు, మేకులు, వాటి మధ్య క్యాంటీన్ కుర్చీ ఒకటి ఉన్నాయి.

“మేస్త్రీ, దీని ఎడమ పక్కేది?”

వడ్రంగి మేస్త్రీ చెవి మీది పెన్సిలు తీశాడు. “లేదు.”

“విరిగిందా?”

“చెయ్యలేదు. కెమెరా అటు పోదుగా. ఆరేళ్ల నుంచీ సగం నౌకతోనే విశ్వాన్ని కాపాడుతున్నాం.”

“మరి ఎగిరేటప్పుడు రెండు పక్కలా కనపడుతుంది కదా?”

“ఎగిరేది మూరెడు బొమ్మ. అందులో ఎవరూ ఎక్కక్కర్లేదు.”

“హీరోగారు ఇందులోకి ఎలా ఎక్కుతారు?”

“ఎక్కడమేంటి, ఇలా నడిచొచ్చి కుర్చీలో కూర్చుంటారు.”

బుద్ధిమంతుడైతే ఇక్కడ దణ్ణం పెట్టి వెళ్లిపోయేవాడు. స్కేలాయన కుతూహలం ఆపుకోలేక, “అయితే దీనికి తలుపే లేదన్నమాట” అన్నాడు.

మేస్త్రీ మొహం మాడిపోయింది. ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఆయన పనిలో ఫలానాది లేదని ఎవరూ అనలేదు. “మీ ఎడిటరమ్మ పంపిందా?”

“లేదు లేదు, నేనే ఊరికే అడిగాను.”

పైఅంతస్తు వాళ్లు ఊరికే అడగరని మేస్త్రీ నమ్మకం. రంపం భుజాన వేసుకుని తిన్నగా డైరెక్టరు దగ్గరికెళ్లి, పుస్తకాలవాళ్లు తలుపు లేదని తప్పు పట్టారని చెప్పాడు. పుస్తకంలో తలుపుండి సీరియల్లో లేకపోతే ప్రేక్షకులు ఉతికి ఆరేస్తారు. “అయితే ఇవాళే తలుపు పెట్టండి. హీరో అందులోంచి దిగుతున్నట్టు ఓ సీను తీసేద్దాం” అన్నాడు డైరెక్టరు.

ఈ మాట మేకప్ గదిలో ఉన్న హీరో చెవిన పడింది. ఆయన అద్దంలో తన మొహం తనే చూసుకుని లెక్కలు వేసుకున్నాడు. ఆరేళ్లలో ఒక్కసారీ దింపనివాళ్లు ఇవాళెందుకు దింపుతున్నారు? ఇంకొకణ్ణి ఎక్కించడానికి కాకపోతే? సగం మేకప్‌తోనే షెడ్డుకొచ్చి, క్యాంటీన్ కుర్చీలో కూర్చుని, బెల్టులన్నీ బిగించుకుని, “నేను దిగను. ఏం చేసుకుంటారో చేసుకోండి” అని ప్రకటించాడు.

మేస్త్రీకి వాటితో పనిలేదు. తలుపు కోయమన్నారు, కోశాడు. ఉన్నది కుడి పక్క ఒక్కటే కాబట్టి అక్కడే కోశాడు. నౌక బరువంతా మోస్తున్న అడ్డకర్ర సరిగ్గా అక్కడే ఉంది. ప్లైవుడ్డు మెల్లగా ఒంగింది, మీటలూ లైట్లూ ఉన్న పలక వచ్చి హీరో ఒళ్లో కూర్చుంది, కొత్త తలుపు బెత్తెడు తెరుచుకుని బిగుసుకుపోయింది. లోపల్నుంచి హీరో కేకలు, బయట నలుగురు మనుషులు తలుపు పట్టుకుని లాగుళ్లు. ఆరు నెలల కష్టం తన కళ్ల ముందే పెళుసు చెక్కలా విరుగుతుంటే స్కేలాయన నౌక వెనక వైపుకు పరిగెత్తాడు.

“సార్, ఎడమ పక్క నుంచి వచ్చేయండి” అన్నాడు.

“ఎడమ పక్క తలుపు లేదయ్యా” అని కసిరాడు హీరో.

“ఎడమ పక్కే లేదు సార్.”

హీరో తల తిప్పి చూసుకున్నాడు. నిజమే. బెల్టు విప్పి, పలకను పక్కకు నెట్టి, సిగ్గుపడుతూ నడిచి వచ్చేశాడు.

అప్పటికి పన్నెండయింది. నౌక రూపం మారిపోతోందని ఎవరో ఫోన్ చేయడంతో ఎడిటరమ్మ అచ్చు ఆపించి, ఫైలు చంకన పెట్టుకుని కిందికి దిగింది. ఆ ఫైల్లో స్కేలాయన కాగితం ఉంది. దాని మీద సంతకం లేదు.

“ఎవరు మొదలుపెట్టారిది?”

మేస్త్రీ, డైరెక్టరు, హీరో ముగ్గురూ ఒకే వైపు చూశారు.

“నీకెందుకొచ్చిందయ్యా ఈ అనుమానం?” అంది ఎడిటరమ్మ.

నేనేనండీ అనాలనే అనుకున్నాడు స్కేలాయన. కానీ ఆ ఫైలు చూసేసరికి ధైర్యం జారిపోయింది. “మా అత్తగారికండీ” అన్నాడు.

“ఫోన్ కలుపు.”

అందరికీ వినపడేలా పెట్టిన ఫోన్లో అత్తగారి గొంతు తాపీగా వచ్చింది. “ఏం లేదమ్మా. ఆ పిల్లాడు ఆరేళ్ల నుంచీ అందులోంచి దిగలేదు. ఎలా ఎక్కాడో, ఎప్పుడు దిగుతాడో, అసలు దిగుతాడో లేదో అని వారం వారం చూస్తున్నాను. మా వీధిలో ఆడవాళ్లందరం అందుకే చూస్తాం. యుద్ధం ఎవరికి కావాలమ్మా, అది రోజూ ఉండేదేగా.”

హీరో కళ్లు తుడుచుకున్నాడు. డైరెక్టరు మాత్రం జ్ఞానోదయమైన వాడిలా స్టూలు మీద కూలబడ్డాడు. ఫిరంగులకూ మంటలకూ ఆరేళ్లుగా తల బద్దలు కొట్టుకుంటే, జనం కూర్చున్నది తలుపు కోసమా?

“మేస్త్రీ, ఆ తలుపు మూసి రంగేసెయ్” అన్నాడు. “ఎప్పటికీ చూపించం. ఒక్కసారి చూపించామా, వచ్చే వారం నుంచి ఆవిడ టీవీ కట్టేస్తుంది.”

ఒక్క గంటలో పుస్తకం అచ్చుకెళ్లిపోయింది. నలభై మూడో బాణం మాత్రం కొత్తగా చేరింది. అది నౌకను తాకకుండా గాలిలోనే ఆగుతుంది, పక్కన ‘ప్రవేశమార్గం: రహస్యం’ అని ఉంటుంది. బొమ్మ నిబంధనకు లోబడే ఉందని ఎడిటరమ్మ స్వయంగా ఒప్పుకుంది. స్కేలాయన ప్రాణం లేచొచ్చింది. సరిగ్గా నాలుగింటికి తల దువ్వుకుని ఆవిడ గదిలోకి వెళ్లాడు.

ఎడిటరమ్మ కాగితం తీసి, సంతకం పెట్టింది కూడా. “చూడు బాబూ, ఇక్కడ గీసేవాళ్లున్నారు, కోసేవాళ్లున్నారు, నటించేవాళ్లున్నారు. ఆరేళ్లలో అడగాల్సింది అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. ఆ మనిషి నాకు కావాలి. ఉన్న ఖాళీ ఒక్కటే కదా, అందుకని ఈ కాగితంలో పేరు మార్చాను. సోమవారం మీ అత్తగార్ని తీసుకురా. నిన్ను ఇంకో ఆరు నెలలు పొడిగించాను” అంది.

సోమవారం అత్తగారు కొత్త చీర కట్టుకుని స్టూడియోకి వచ్చారు. వెనక ఆవిడ సంచి మోసుకుంటూ స్కేలాయన నడిచాడు. కుర్చీలో కూర్చోగానే ఆవిడ కళ్లజోడు సవరించుకుని మొట్టమొదటి ప్రశ్న వేశారు. “అమ్మా, మా అల్లుడిగారి ఉద్యోగం ఎప్పుడు ఖాయం చేస్తారు?”

ఎడిటరమ్మ ఎంతో మెచ్చుకుని, దానికి జవాబు చెప్పేస్తే ఆసక్తి పోతుందంది.