ప్రసంగం ముగిసేదాకా ఆకాశంలోనే

మా ఊరికీ పొరుగూరికీ మధ్య విమాన సర్వీసు దిగ్విజయంగా నడుస్తున్నదని తెలియజేయుటకు మిక్కిలి సంతోషిస్తున్నాం. రెండూళ్లవాళ్లూ పంతానికి పోయి చెరో విమానాశ్రయం కట్టుకున్నారు. ఇక్కడ తల ఎత్తిన విమానం అక్కడ తల దించేలోపు తుమ్ము వస్తే గట్టిగా ఒకటే తుమ్మగలం. ఇంత ప్రగతిని ఓర్వలేనివాళ్లు బస్సు చాలదా అంటారు. వాళ్లకేం పని?

ఒక చిన్న నిబంధన మాత్రం ఉంది. విమాన సంస్థ అధ్యక్షులవారి రికార్డు ప్రసంగం పూర్తికానిదే చక్రాలు నేలను తాకరాదు. ప్రయాణం పది నిమిషాలు, ప్రసంగం గంటన్నర. అందుచేత మిగతా కాలమంతా విమానం పొరుగూరి మీద చుట్లు కొడుతుంది. దీనిపై ఇంతవరకు ఒక్క ఫిర్యాదూ రాలేదు. పైపెచ్చు, ఒకే టికెట్టుకు ఇన్ని చుట్లా అని జనం ఎగబడుతున్నారు.

ఆ ఉదయం మా వీధి దర్జీకి పొరుగూరి ఆసుపత్రి నుంచి బావమరిది ఫోన్ చేశాడు. "బావా, అక్కకి నొప్పులు మొదలయ్యాయి. నువ్వు పక్కన లేకపోతే భయమంటోంది. ఉన్నపళంగా వచ్చెయ్!"

దర్జీ కత్తెర పడేసి, మెడలో టేపుతోనే బస్సెక్కబోయాడు. వీధి వీధంతా అడ్డుపడింది. "ఇంత విమానం పెట్టుకుని బస్సులో వెళ్తావా? పుట్టబోయే బిడ్డ ఏమనుకుంటుంది?" నిజమే కాబోలు అనుకుని విమానమెక్కాడు పాపం.

"ప్రియమైన ప్రయాణికులారా! ఆదిమానవుడు తొలిసారి పక్షిని చూసి ముచ్చటపడిన నాటి నుంచి..." అని అధ్యక్షులవారు మొదలుపెట్టారు. ఆదిమానవుడు నిప్పు రాజేసేలోపే పొరుగూరు వచ్చేసింది. కిటికీలోంచి ఆసుపత్రి డాబా, దానిమీద ఆరేసిన దుప్పట్లు కనిపించాయి. దర్జీ లేచి నిలబడ్డాడు.

"అమ్మా, నీకు పుణ్యముంటుంది, దింపించు. నా భార్యకి నొప్పులు!"

"అధ్యక్షులవారు ఇంకా బండిచక్రం దగ్గరే ఉన్నారండి," అంది పరిచారిక ఎంతో మర్యాదగా. "విమానం కనిపెట్టడానికి చాలా టైముంది."

వెనక సీటు పెద్దాయన కసిరాడు. "కూర్చోవయ్యా! మాకింకా టీ అయినా రాలేదు."

ఫోన్లు కట్టేయమన్నారు గానీ కట్టేసినవాళ్లెవరు? దర్జీ ఫోను మోగింది.

"ఎక్కడున్నావ్ బావా?"

"ఆసుపత్రి మీదే ఉన్నాను."

"పై అంతస్తులోనా? ఆగు, వస్తున్నా."

"ఇంకా పైన్రా!"

బావమరిది డాబా ఎక్కి తువ్వాలు ఊపాడు. తర్వాతి చుట్టుకు అతను మాయమయ్యాడు. ఆ తర్వాతి చుట్టుకు ఫోన్లో కేరుమని ఏడుపు వినిపించింది. "ఆడపిల్ల బావా!" దర్జీ ఏడ్చాడు, నవ్వాడు, మళ్లీ ఏడ్చాడు. విమానమంతా చప్పట్లే. ఈ శుభ సందర్భాన్ని పురస్కరించుకుని అధ్యక్షులవారి ప్రత్యేక అభినందన సందేశం కూడా వినిపించారు. దానికి మరో రెండు చుట్లు పట్టింది.

దర్జీ ఆసుపత్రి చేరేసరికి భార్య గోడవైపు తిరిగి పడుకుంది.

"నాతో మాట్లాడకండి. బస్సులో బయల్దేరిన మా పిన్ని ఎప్పుడో వచ్చేసింది. నేను చచ్చి బతికాను, మీరేమో ఊరేగారు."

"తప్పయిపోయిందే," అని బిడ్డ గుప్పిట్లో వేలు పెట్టి వెక్కివెక్కి ఏడ్చాడు దర్జీ.

ఇంతలో వార్డంతా మంచం చుట్టూ మూగింది. బిడ్డను చూడ్డానికని మీరూ నేనూ అనుకుంటాం.

"విమానంలో వచ్చింది మీరేనా? ఎన్ని చుట్లు తిప్పారు?"

దర్జీ కళ్లు తుడుచుకుని గొంతు సవరించుకున్నాడు. "పదకొండు," అన్నాడు. వార్డు నోరు వెళ్లబెట్టింది. పిన్ని చిన్నబుచ్చుకుని బస్సు టికెట్టు గుప్పిట్లో దాచేసింది. భార్య మెల్లగా ఇటు తిరిగింది.

"ఏమండీ, ఇంటికెళ్లేటప్పుడు కిటికీ పక్క సీటు నాదే."