వియన్నా దగ్గుకు జోహార్లు

సంగీతానికి ఈ లోకంలో అసలైన అండ దగ్గు! నవ్వకండి. వియన్నాలో ముప్పై ఏళ్లుగా నిలబడి వినే టికెట్ కొని, రెయిలింగుకి మఫ్లర్ కట్టి చోటు ఖాయం చేసుకుని, కాళ్లు పీకేదాకా కచేరీలు విన్నవాణ్ని చెబుతున్నాను.

సింఫనీకి, అంటే పెద్ద వాద్యబృందం వాయించే కృతికి, నాలుగు భాగాలుంటాయి. మధ్యలో చప్పట్లు కొట్టకూడదు. కొట్టారా, పక్కవాళ్ల చూపులకే కోటు లోపల చెమటలు పడతాయి. కానీ దగ్గొచ్చు! ఒక భాగం అయ్యీ అవగానే హాలంతా ఖళ్లుఖళ్లుమంటుంది. ఎంత ఐకమత్యం! మా అపార్ట్‌మెంట్ మీటింగులో ఎన్నడైనా చూశామా?

అసలు సంగీత చరిత్రని దగ్గుల లెక్కన రాయాలంటాను. మూడొందల ఏళ్ల కిందటి బరోక్ కాలం మహానుభావులకి శ్రోతల గొంతుల మీద దయ ఉండేది. చిన్న చిన్న నాట్యాలు గుదిగుచ్చి సూట్ అన్నారు. నాట్యానికో దగ్గు, హాయి! తర్వాత సింఫనీ వచ్చి మూడు దగ్గులతో సరిపెట్టుకోమంది. ఒక్కరు ముందుండి బృందంతో వాయించే కాన్సర్టోలో రెండే. పంతొమ్మిదో శతాబ్దపు రొమాంటిక్ కాలం వాళ్లు మరీ ఘోరం! ఆవేశం పట్టలేక, అరగంట ఎక్కడా ఆగని సింఫనిక్ పోయెమ్‌లు రాసి పారేశారు. మా వీధి మందుల షాపు ప్రోహాస్కాగారు అలాంటిదాంట్లో ఇరుక్కుని, బీట్‌రూట్ రంగుకి తిరిగి, నోట్లో మఫ్లర్ కుక్కుకుని బయటికి పరిగెత్తాడు. ఇరవయ్యో శతాబ్దంలో నిమిషం ముక్కలొచ్చాయి. గొంతు సవరించుకునేలోపు సంగీతం అయిపోయింది!

పోయిన ఆదివారం మా పై అంతస్తు లియోపోల్డీన్ బామ్మగారి మనవరాలు వాల్‌బుర్గాకి పెద్ద హాల్లో మొట్టమొదటి చెల్లో కాన్సర్టో; చెల్లో అంటే మోకాళ్ల మధ్య నిలబెట్టి వాయించే పెద్ద ఫిడేలు. ఆ పిల్ల సాధన, వంటింట్లోంచి బామ్మ దగ్గు, రెండూ మా ఇంటి కప్పులోంచి నాకు రోజూ వినిపించేవే. బామ్మకి తోడుగా ఈసారి నేనూ కుర్చీలో కూర్చున్నాను.

మొదటి భాగం అయింది. పిల్ల ముఖం పాలిపోయింది. బామ్మ చప్పట్లకి చేతులు లేపింది.

"ఏమండీ, ఇదేమన్నా సర్కస్సా?" వెనక సీటావిడ కసిరింది.

"నా మనవరాలండీ!"

"ఎవరి మనవరాలైతేనేం? మూడు భాగాలూ అయ్యేదాకా ఆగాల్సిందే."

బామ్మ చేతులు ఒళ్లో పెట్టుకుంది. "అది భయంతో చస్తోందయ్యా! బాగుందే తల్లీ అని ఎలా చెప్పను?" అని నా చెవిలో గొణిగింది.

నాకూ ఒళ్లు మండింది. ఒకప్పుడు ఇదే ఊళ్లో జనం మధ్యలోనే చప్పట్లు కొట్టి, వన్స్‌మోర్ అని అదే భాగం మళ్లీ వాయించుకునేవాళ్లట. ఈ మౌనవ్రతం మన నెత్తిన ఎవరు పెట్టారండీ?

ఈలోగా హాలంతా దగ్గడం మొదలెట్టింది. బామ్మ ఒక్క క్షణం ఆలోచించి, ఊపిరి బిగించి, తనూ దగ్గింది. అబ్బ, ఏం దగ్గు! అంత గోలలోనూ వాల్‌బుర్గా తలెత్తింది. పసితనం నుంచీ వంటింట్లోంచి వింటున్న దగ్గాయె, గుర్తుపట్టదూ? ఫక్కున నవ్వేసి, చెల్లో కమాను సర్దుకుంది.

రెండో భాగం ఎలా వాయించిందని! నాకు కళ్లు చెమర్చాయి. సిగ్గెందుకు, చెబుతున్నాను.

అది ముగిసేసరికి వెనక ఏదో కదిలింది. తిరిగి చూద్దును కదా, ఆ కసిరినావిడే! కళ్లనిండా నీళ్లు. రెండు చేతులూ చప్పట్లకి పైకి లేచాయి. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసి, మెల్లిగా దించేసుకుంది.

ఆ తర్వాత, పాపం, ఆవిడా దగ్గింది.