వస్తువు పేరు లేని కాగితం

ఆ గురువారం ఉదయం గొట్టాల కంపెనీ కొనుగోళ్ల అధికారి ఒక గట్టి నిర్ణయంతో నిద్రలేచాడు. మధ్యాహ్నం భోజనం వేళకల్లా ఇంకో నిర్ణయం తీసుకోవాలన్నదే ఆ నిర్ణయం. కూతురికి కొనబోయే వీడియో గేమ్ కన్సోల్ స్టాండర్డా, ప్రీమియమా? నెల రోజులుగా ఈ ప్రశ్న ఆయన బుర్ర తినేస్తోంది. ఆఫీసులో ఆయన్ని చాటుగా అందరూ 'కొర్రీ' అంటారు. ఎవరి ఫైలు వచ్చినా ఏదో ఒక లోపం పట్టి, ఎర్ర సిరాతో కొర్రీ వేసి వెనక్కి పంపితే గాని ఆయనకు టీ రుచించదు. అందులోనూ వస్తువు పేరు రాయని కాగితమంటే ఒళ్లు మంట. అలాంటివాటిని పూర్తిగా చదవనైనా చదవడు.

"శనివారం నా పుట్టినరోజు నాన్నా," అని గుర్తుచేసింది పన్నెండేళ్ల కూతురు, చంకలో చెప్పుల డబ్బా ఒకటి ఇరికించుకుని. "సైకిల్ లాగా చెయ్యవు కదా?"

ఆ సైకిలు సంగతి ఇంట్లో ఎవరూ మరిచిపోలేదు. ఆయన రెండేళ్లు పరిశీలించి, అన్నివిధాలా శ్రేష్ఠమైన సైకిలు తెచ్చాడు. తెచ్చేసరికి పిల్ల ఎదిగిపోయి, మోకాళ్లు హ్యాండిల్‌కి కొట్టుకున్నాయి. ఇప్పుడది పక్కింటి పిల్ల తొక్కుతోంది.

"అబ్బే, పరిశీలన ఆఖరి దశలో ఉందమ్మలూ."

"శనివారం దాటితే నాకసలు వద్దు. నిజంగానే చెప్తున్నా. అది కాదు నాన్నా, ఈ డబ్బాలో..."

"సాయంత్రం చూద్దాం, సాయంత్రం."

"ఏవండీ, అదేదో చెప్తోంది. ఒక్క నిమిషం వింటే ఏం పోయింది?" అంది భార్య వంటింట్లోంచి.

"చెప్పాల్సినవన్నీ పట్టికలో ఉన్నాయి," అంటూ ఆయన బూట్లు తొడుక్కున్నాడు. పిల్ల డబ్బా పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

పట్టిక ఉన్నమాట అబద్ధం కాదు. ఆఫీసుకు చేరగానే ఆయన దాన్ని శుభ్రంగా తిరగరాశాడు. వేగం, నిల్వ, శబ్దం విషయాల్లో ప్రీమియం నెగ్గింది. బరువు, వేడి, ధర విషయాల్లో స్టాండర్డ్ నెగ్గింది. మూడుకి మూడు. వారం నుంచీ ఎన్నిసార్లు లెక్కపెట్టినా మూడుకి మూడే. నిట్టూర్చి అడుగున రాసుకున్నాడు: "శనివారంలోగా తేలాలి. ఇచ్చేదాకా చెప్పరాదు." ఇంతలో గోడౌన్‌లో గొట్టాల కొలతలు చూడటానికి రమ్మని ఫోన్ వచ్చింది. లేస్తూ లేస్తూ, ఇరవై రెండేళ్ల అలవాటు కొద్దీ, ఎదురుగా ఉన్న కాగితం మీద సంతకం పెట్టి, 'అత్యవసరం' ముద్ర గుద్ది, వెళ్లాల్సిన కాగితాల ట్రేలో పడేశాడు. గొట్టాలు కొలిచి వచ్చేసరికి ట్రే ఖాళీ.

ఆయన తల పట్టుకున్నాడు. సొంత కాగితం ఆఫీసులో తిరుగుతున్నందుకు కాదు, అంతకన్నా ఘోరమైనది గుర్తొచ్చినందుకు. వస్తువు తన మనసులోనే ఉండటంతో, పట్టిక పైన దాని పేరే రాయలేదు! వెనక్కి తెప్పించుకుందామంటే అదీ కుదరదు. ఒకసారి బయల్దేరిన కాగితాన్ని మధ్యలో ఎవరూ లాక్కోరాదని గోడకు సర్క్యులర్ అంటించింది ఆయనే.

కాగితం మొదట ఇంజనీరు బల్ల మీద వాలింది. ఇంజనీరు దాన్ని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. ఇదేం వస్తువని అడిగితే 'ఆమాత్రం తెలీదా?' అంటాడేమోనని జంకి, తెలివిగా ఫోన్ చేశాడు.

"సార్, మీ అత్యవసరం చూస్తున్నా. ఇంతకీ దీన్ని ఎక్కడ పెడదామని?"

"ఇంట్లో... టీవీ పక్కన," అనేసి కొర్రీ నాలుక్కరుచుకున్నాడు.

"ఆహా," అన్నాడు ఇంజనీరు, ఏమీ అర్థంకాకుండానే. వెంటనే ఇలా రాశాడు: "ఇంట్లో టీవీ పక్కన ఉంచునది గనుక శబ్దం తక్కువ ఉండుట ముఖ్యం. ప్రీమియం."

తర్వాత అది స్టోర్సు చూసే ఆవిడ దగ్గరికి వెళ్లింది. ఆవిడ కళ్లద్దాలు సవరించుకుని మూడుసార్లు చదివింది. ఇంట్లో ఉంచేది, శనివారంలోగా కావాల్సింది, ఇచ్చేదాకా చెప్పకూడనిది! ఆవిడ మొహం వెలిగిపోయింది. శనివారమే కదా మేనేజరు గారి రిటైర్మెంటు! మొత్తానికి కొర్రీకి కూడా మనసుందన్నమాట. "పెద్దాయనకు ఇచ్చేది ఒక్కసారే. ప్రీమియమే ఇద్దాం," అని రాసి, పొంగిపోతూ ఆ సంగతి అంతస్తు అంతస్తంతా చెప్పి వచ్చింది. చెప్పి కూర్చున్నాక గాని, ప్రతి కాగితం చివరికి మేనేజరు గారి దగ్గరికే వెళ్తుందన్న విషయం ఆవిడకు తట్టలేదు. అప్పటికే అది వెళ్లిపోయింది.

శుక్రవారం ఉదయం మేనేజరు కొర్రీని పిలిచాడు. తలుపు వేయమని సైగ చేశాడు.

"నేనీ కాగితం చూడలేదనుకో."

"సార్, అసలు అదేమిటంటే..."

"ఏమిటో చెప్పకు! తెలిస్తే సరదా ఏముంటుంది? రాత్రంతా అదే ఆలోచన. వేడి ఉంటుంది, శబ్దం ఉంటుంది, లోపల ఏదో నిల్వ ఉంటుంది. మా ఆవిడా నేనూ బుర్రలు బద్దలు కొట్టుకున్నాం." మేనేజరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఇన్నేళ్లలో నా ఫైళ్లకి నువ్వు వెయ్యని కొర్రీ లేదు. నీకు నా మీద ఇంత అభిమానం ఉందని అనుకోలేదయ్యా."

ఇక నిజం చెప్పడానికి నోరెలా వస్తుంది? చేతిలో పెట్టిన కాగితం అడుగున మేనేజరు సంతకం మెరుస్తోంది: "అందరి మాటే నా మాట. ప్రీమియం."

మధ్యాహ్నానికల్లా ఆఫీసంతా తలా ఇంత డబ్బు వేసి, కొనుక్కొచ్చే బాధ్యత కొర్రీకే అప్పగించింది. ఒకరకంగా ఆయనకు మేలే జరిగింది. మూడు–మూడు చిక్కు విడిపోయింది. ముగ్గురు అనుభవజ్ఞులు ప్రీమియమే అన్నారంటే కూతురికీ అదే కొనేస్తే సరి. సాయంత్రం హుషారుగా దుకాణానికి వెళ్లి రెండు ప్రీమియాలు ఇమ్మన్నాడు.

"ప్రీమియం ఒక్కటే ఉంది సార్. మళ్లీ మంగళవారమే. స్టాండర్డ్ కావాలంటే ఉంది," అన్నాడు అమ్మేవాడు.

మంగళవారం అంటే పిల్ల వద్దంటుంది. ఆ ఒక్కటీ ఇంటికి తీసుకెళ్తే రేపు మేనేజరు మొహం ఎలా చూడటం? పెట్టెలు రెండూ ముందు పెట్టుకుని కొర్రీ చాలాసేపు నిలబడ్డాడు. చివరికి సంతకమైనదాన్ని ఆఫీసుకీ, మిగిలినదాన్ని ఇంటికీ తీసుకున్నాడు. దారి పొడుగునా తన మీద తనకే కోపం వచ్చింది.

శనివారం పొద్దున్నే కూతురి చేతిలో పెట్టె పెడుతూ, "ప్రీమియం దొరకలేదమ్మలూ. మంగళవారం మార్చి తెస్తాలే," అన్నాడు నేలచూపులు చూస్తూ.

పిల్ల పెట్టె మీది కాగితం చింపి, మూత తీసింది. కన్సోల్‌ని పక్కకు తిప్పింది. అక్కడున్న సన్నటి గాటును వేలితో తడిమి, ఇల్లు ఎగిరిపోయేలా కేక పెట్టింది.

"మార్చావంటే ఊరుకోను! డిస్కు పెట్టేది దీనికే ఉంటుంది నాన్నా. ప్రీమియంకి ఉండదు!"

చెప్పుల డబ్బా మూత తీసి చూపించింది. లోపల ఎనిమిది గేమ్ డిస్కులున్నాయి. వేరే ఊరికి వెళ్లిపోయిన స్నేహితురాలు వెళ్తూ వెళ్తూ ఇచ్చినవి. "ఇవన్నీ వాళ్లింట్లో కలిసి ఆడేవాళ్లం. నెల నుంచి నీకు చూపిద్దామనే తిరుగుతున్నా."

కొర్రీ జేబులోంచి పట్టిక తీసి చూశాడు. వేగం, నిల్వ, శబ్దం, బరువు, వేడి, ధర. డిస్కు ఊసే లేదు. నెల రోజుల పాటు పిల్ల చంకలో డబ్బాతో తన చుట్టూ తిరిగిందని తలుచుకుంటే ఆయనకు సిగ్గేసింది.

మధ్యాహ్నం ఆఫీసులో మేనేజరు పెట్టె విప్పాడు. అంతా మెడలు చాచారు.

"నేను ముందే అనుకున్నా," అన్నాడు ఇంజనీరు.

"బరువు చూసే పోల్చాను," అంది స్టోర్సావిడ.

మేనేజరు మాత్రం దాన్ని మూడుసార్లు తిప్పి చూసి, "నేను మోకాళ్లకి కాపడం పెట్టే మిషన్ అనుకున్నానయ్యా," అన్నాడు. ఆ వెంటనే ఆయనే పకపకా నవ్వాడు. "పోన్లే, సోమవారం నుంచి నాకూ పనిలేదు. ఇంతకీ ఆడటం ఎవరు నేర్పుతారు?"

"మా అమ్మాయి నేర్పుతుంది సార్," అన్నాడు కొర్రీ. ఆ వారంలో ఆయన పట్టిక వేయకుండా అన్న మాట అదొక్కటే.

సాయంత్రం కూతురు ఆ కాగితాన్ని సంతకాలతో సహా మొదటినుంచి చివరిదాకా చదివింది. నాన్న జేబులోంచి ఎర్ర పెన్ను లాక్కుని అడుగున రాసింది: "ఒకటి, వస్తువు పేరు లేదు. రెండు, ఆడుకునే మనిషిని అడగలేదు. కారణాలు తెలపాలి."

ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో తనకు పడిన మొట్టమొదటి కొర్రీని ఆయన రెండుసార్లు చదువుకుని, జవాబుకి పదిహేను రోజులు గడువు అడిగాడు.