గేటు దాటొచ్చిన బంగాళాదుంప

భూటాన్ బంగాళాదుంపకు మంచిరోజులొచ్చాయని సరిహద్దు పట్టణం ఫుంట్‌షోలింగ్‌లోని నవవ్యాపార ప్రోత్సాహక మండలి సగర్వంగా ప్రకటించింది. పంటంతా వేలంలో అమ్ముడుపోయి, సరిహద్దు గేటు దాటి, ఇండియావాళ్ల జైగావ్‌కు చేరడమే అందుకు రుజువు. అక్కడ అది ఒంటికి కారం పూసుకుని, చిప్స్‌గా మారి, మెరిసే పొట్లాల్లో తిరిగొస్తుంది. దుంపకు దేశాటన, మనకు నాగరికత.

ఇంత చక్కటి ఏర్పాటులో చిమి యుడెన్ వేలు పెట్టింది. దుంప ధర, పొట్లం ధర పక్కపక్కన పెట్టి చూసి, మధ్యలో మిగిలేదేదో తనకే మిగలాలనుకుంది. పెళ్లినాటి పగడాల దండ అమ్మి వేపుడు యంత్రం కొంది. మండలివారు షెడ్డు ఇచ్చారు. సరుకు స్వదేశీ అని ముద్ర పడితేనే ఆ షెడ్డు ఆమెది, లేకపోతే తాళం.

దుంపల కోసం, సొంతూళ్లో అంతా గౌరవంగా ఆప్ అని పిలిచే రైతు నామ్గే దగ్గరికి వెళ్లింది.

"నువ్వయితే మన భూటాన్ ఙుల్ట్రంలు ఇస్తావు. జైగావ్ వాళ్లు రూపాయలిస్తారమ్మా," అన్నాడాయన.

"రెండిటికీ విలువ ఒక్కటే కదా ఆప్?"

"ఒక్కటేగా. అయితే రూపాయలే ఇవ్వు."

చేతిలో రూపాయల్లేక చిమి గేటు దాటింది. జైగావ్ మండీలో అవే దుంపలు, ఆప్ నామ్గే కుట్టిన గోనెల్లోనే, రానూపోనూ కిరాయి కలుపుకుని కూర్చున్నాయి. అక్కడి వర్తకుడు మారుమాట లేకుండా ఙుల్ట్రంలే తీసుకున్నాడు.

ముద్ర వేయాల్సిన అధికారి దాషో లుంగ్టెన్ తమలపాకు నములుతూ నింపాదిగా సెలవిచ్చారు.

"ఆమ్ చిమి, ఈ దుంప ఒకసారి దేశం విడిచి వెళ్లింది. చుట్టపుచూపుగా రావచ్చు గానీ పౌరసత్వం అడక్కూడదు."

"మన మట్టి ఇంకా అంటుకునే ఉంది దాషో."

"మట్టికి వేరే అనుమతి తీసుకోవాలమ్మా."

షెడ్డుకు తాళం పడింది. చిమి లెక్క వేసుకుంది. యంత్రం అవతలిది. నూనె, కారం, పొట్లం అవతలివి. దుంపలూ ఇప్పుడు అవతలివే. ఇవతల మిగిలింది తనొక్కతే. అన్నిటినీ ఇటు తెచ్చుకునే కన్నా ఒక్క మనిషిని అటు దాటించడమే చవక.

కొద్ది నెలల్లోనే జైగావ్‌లో తయారైన ఆమె చిప్స్ ఫుంట్‌షోలింగ్ దుకాణాల్లో దండలుగా వేలాడాయి. ఆప్ నామ్గే ఒక పొట్లం చింపి, "ఇలా వేయించడం మనవాళ్లకు ఈ జన్మకి రాదు," అని ఆమె ముందే మెచ్చుకున్నాడు.

ఏడాది తిరక్కుండా మండలివారు విదేశీ పెట్టుబడిదారులకు సదస్సు పెట్టారు. దాషో స్వయంగా చిమి మెడలో తెల్ల కండువా వేశారు.

"స్థలం ఇస్తాం, కరెంటు ఇస్తాం, పన్ను వదిలేస్తాం. తమబోటివారు మా దేశంలో అడుగుపెట్టడమే మాకు గౌరవం," అని ప్రసంగించారు. చప్పట్లు ఆగాక ఆమె వైపు వంగి, "మీవాళ్లు ఇంకెవరైనా వస్తారేమో కాస్త కనుక్కోండి," అన్నారు.

చిమి హాలంతా కలయజూసింది. వెనక వరసల్లో, స్వదేశీ ముద్ర కోసం దరఖాస్తులు పట్టుకుని కొత్త వ్యాపారులు కిక్కిరిసి నిలబడి ఉన్నారు.

"తప్పకుండా దాషో. మావాళ్లంతా ఇక్కడే ఉన్నారు. ముందు ఒకసారి గేటు దాటి రమ్మంటాను."