పని వద్దు

ఆ పొద్దున గోవిందస్వామి అనుకున్నది ఒక్కటే. చేలోకి దిగకముందే, కూలీలను అదిలించే సర్దార్‌ను పట్టుకుని, జసోదకు ఏడో నెల, పార పట్టలేదు, ఆమెకు పని వద్దు అని చెప్పెయ్యాలి. దండాలూ బతిమాలడాలూ అక్కర్లేదు. ఉన్నమాట చెప్తే చాలు. చిక్కల్లా, సర్దార్ లచ్మన్‌కు తెలుగు రాదు. మద్రాసులో ఓడెక్కి, సముద్రాలు దాటి ఈ దీవిలోని లంబాసా చెరుకుతోటలో దిగి వారమైన గోవిందస్వామికి హిందీ రాదు.

"ఒక్క మాట మాత్రం ఇద్దరికీ వచ్చులేవే," అన్నాడు భార్యతో. "పని! ఈ ఉత్తరాదివాళ్లకు పొద్దస్తమానం అదే గదా."

జసోద మొహం చిట్లించింది. "ఆ మాట ఎత్తకయ్యా, ఒళ్లు మండుతుంది. ఎండలో కూలబడి పని అంటారు. అన్నం తింటూ పని అంటారు. పక్కగదిలో ముసలాయన జ్వరంతో లేవలేడు గదా, ఆయనా 'పానీ, పానీ' అని మూలుగుతాడు. ఆ ఒంటితో కూడా పనేనా?"

"వాళ్ల యాస అంతే. సాగదీస్తారు."

అయిదేళ్ల కూలి ఒప్పందమనే గిర్మిట్‌కు మనిషిని కట్టేసిన చోట జ్వరంలో పని పని అని కలవరిస్తే వింతేముంది? గోవిందస్వామికి అనుమానం రాలేదు. జాలి వేసింది, అంతే.

చేని గట్టున లచ్మన్ నీళ్ల పీపా పక్కన నిలబడి ఉన్నాడు. గోవిందస్వామి జసోదను ముందుకు నెట్టి, ఆమె కడుపు చూపించి, గట్టిగా అన్నాడు: "పని వద్దు!"

లచ్మన్‌కు వినిపించింది పానీ. హిందీలో పానీ అంటే నీళ్లు. వట్టి మనిషి కాదు, పాపం, దాహమేసి ఉంటుంది. ముంతెడు నీళ్లు ముంచి ఇచ్చాడు. జసోద తాగింది.

"నీళ్లు కాదయ్యా! పని, పని వద్దు!"

లచ్మన్ ఇంకో ముంత ముంచాడు. మద్రాజీ భాషలో వద్దు అంటే తొందరగా అని ఆయనకు అర్థమైంది. మూడో ముంతకు జసోద కడుపు పట్టుకుంది. "వద్దన్నకొద్దీ పోస్తాడేంటయ్యా వీడు!"

వెనక ఉన్న తెలుగు ముఠా ఇదంతా చూసింది. పని వద్దంటే కొట్టడం లేదు, తిట్టడం లేదు, మర్యాదగా నీళ్లిస్తున్నాడు! అందరూ పారలు కింద పడేశారు. "మాకూ పని వద్దు! మాకూ వద్దు!" లచ్మన్ పోస్తూనే ఉన్నాడు. పీపా అడుగంటింది. అరుపులు ఆగలేదు.

గుర్రం మీద కులంబర్ దిగబడ్డాడు. తోటలో తెల్ల మేస్త్రీని అలాగే పిలిచేవారు. "హుజూర్, పానీ మాంగ్తా!" నీళ్లడుగుతున్నారని లచ్మన్ మొత్తుకున్నాడు.

కులంబర్ హిందీకి దీర్ఘాలుండవు. ముఠా వైపు తిరిగి, "పని? పని?" అన్నాడు.

"వద్దు! వద్దు!" అని అందరూ చేతులూ తలలూ ఊపారు.

కులంబర్ ఆలోచించాడు. నీళ్లు నీళ్లని అరుస్తారు, ఇస్తామంటే వద్దంటారు. అంటే నీళ్లలో ఏదో ఉంది! పీపాలోకి తొంగి చూశాడు. పొద్దున్నే తానూ అందులోంచి ఓ ముంత తాగాడు. కూలీలు పోతే ఇంకో ఓడ వస్తుంది. కడుపు మాత్రం తనది. ఆయన మొహం పాలిపోయింది. "ఆస్పత్రి! అందరూ ఆస్పత్రి!" అని అరిచి, పొట్ట పట్టుకుని తనే ముందు అటు గుర్రాన్ని తోలుకుపోయాడు.

"చూశావా? గట్టిగా అడిగితే ఇస్తారే," అన్నాడు గోవిందస్వామి, దారిపొడుగునా.

ఆస్పత్రిలో కట్లు కట్టే నెల్లూరాయన ఎదురొచ్చాడు. "ఏరా, నీళ్లలో ఏం కనపడింది మీకు?"

"నీళ్లేందన్నా? మేం పని వద్దన్నాం."

నెల్లూరాయన కడుపుబ్బ నవ్వాడు. "ఓరి మీ తెలివి తెల్లారా! పానీ అంటే నీళ్లురా!"

ముఠా అంతా నవ్వింది. జసోద నవ్వలేదు.

"అయితే ఆ ముసలాయన..." అంది. "వారం నుంచీ నీళ్లడుగుతున్నాడా? గోడకు ఇవతలే ఉన్నానయ్యా నేను. విసుక్కుంటూ పడుకున్నాను."



నెల్లూరాయన నవ్వు ఆపి, ఆమె సంగతి డాక్టరు దొరకు చెప్పాడు. దొర జసోద వాచిన పాదాలు వేలితో నొక్కి చూశాడు. కులంబర్ పొట్టకు ఏమీ కాలేదని, ఈమె చేతికి మాత్రం పార ఇవ్వొద్దని, తేలిక పని చూడమని చెప్పాడు. గోవిందస్వామి గెలిచాడు. కూలీల ఇళ్ల లైన్లకు పోయాక జసోద ముందు చేసింది పక్కగదిలోకి ముంత పట్టుకెళ్లడం. ముసలాయన గటగటా తాగి, ఆమె తల మీద చెయ్యి పెట్టాడు.

మర్నాడు లచ్మన్ నిజంగానే ఆమె చేతిలోంచి పార తీసుకున్నాడు. బదులుగా ఒక కావడి, రెండు డబ్బాలు ఇచ్చాడు. మద్రాజీలకు దాహం మరీ ఎక్కువని, ఏటి నుంచి చేనిదాకా రోజంతా నీళ్లు మొయ్యమని కులంబర్ హుకుం. అదే తేలిక పని.

పనీ పానీ ఒకటే మాటని వారంపాటు పొరబడిందని జసోదను చూసి అందరూ నవ్వారు గాని, ఆమె పొరబడిందేమీ లేదు.