నక్క తోక కేసు

ప్రజలకు కష్టం రావచ్చు గానీ, అది ఏ విభాగం కిందికి వస్తుందో తేల్చుకోకుండా రాకూడదు. మంచి పరిపాలనకు ఇదే మొదటి సూత్రం. మనుషులకు ఈ సూత్రం బాగానే వంటబట్టింది. ఏ జబ్బు చేసినా ముందు ఏ కౌంటరు దగ్గర నిలబడాలో కనుక్కుని, ఆ తర్వాతే మూలగడం అందరూ నేర్చుకున్నారు. జంతువులకు మాత్రం ఇంకా ఆ క్రమశిక్షణ అలవడలేదు. అందుకే చలికాలంలో ఒకరోజు ఉదయం, ఎవరికీ దరఖాస్తు పెట్టుకోకుండా, ఒక నక్క వచ్చి ఒక దర్జీ ఇంటి పెరట్లో పడుకుంది.

ఆ ఇంటి కోడలే దర్జీ. ముందు గదిలో ఆమె కుట్టుమిషను, వెనక గదిలో అత్తగారు, మధ్య గదిలో రాత్రంతా బస్సు నడిపి వచ్చి పగలు నిద్రపోయే మొగుడు. ఆ ఉదయం కోడలు మంచి హుషారు మీద ఉంది. పక్క వీధి బడిలో పిల్లలందరి యూనిఫారాలూ ఆమే కుట్టాలని అప్పుడే కబురొచ్చింది. ఆ సంతోషంలో బట్టలు ఆరేయడానికి బకెట్టు పట్టుకుని పెరట్లోకి వెళ్తే, నీళ్ళ డ్రమ్ము వెనకాల ఏదో వణుకుతూ కనిపించింది. కుక్క అనుకుంది. దగ్గరికి వెళ్తే మూతి సన్నంగా, తోక పొడుగ్గా ఉంది. గజ్జి పట్టి ఒంటి మీద సగం బొచ్చు ఊడిపోయింది. డొక్కలు లోపలికి పోయాయి. గడ్డి మీద మంచు ఇంకా తెల్లగానే ఉంది. మనిషి అలికిడికి ఆ బక్కప్రాణి లేచి పారిపోవాలి కదా, అదీ చేయలేదు. తలెత్తి ఒకసారి చూసి, మళ్ళీ దించేసుకుంది. ఊరందరికీ బట్టలు కుట్టే మనిషికి, చలిలో ఒంటి మీద ఆచ్ఛాదన లేని ప్రాణిని చూస్తే ఊరుకోబుద్ధి కాలేదు.

వెళ్ళి మొగుణ్ణి లేపింది. ఆయన కిటికీలోంచి ఒక కన్నుతో చూసి, "కుక్కలే, పోతుంది," అన్నాడు. రెండో కన్ను తెరవాల్సినంత విషయం ఇందులో లేదని తేల్చుకుని మళ్ళీ ముసుగు తన్నాడు.

అత్తగారు మాత్రం శాలువా కప్పుకుని పెరటి గుమ్మం దాకా వచ్చింది.

"నక్కే," అంది. "రేపటిదాకా ఉండదు ఇది."

"అలా అనకండి అత్తయ్యా."

"నేను అనకపోతే ఉంటుందా? ఎవరికైనా ఫోను చెయ్యి."

ఎవరికైనా అంటే మూగజీవుల సౌకర్య విభాగానికి. ఊళ్ళో ఎటు చూసినా వాళ్ళ బోర్డులే. జింకపిల్లను ఎత్తుకుని నవ్వుతున్న ఒక పెద్ద అధికారి, కింద "మేమున్నాం" అన్న మాట. (ఎక్కడున్నారో చెప్పడానికి బోర్డులో చోటు చాలలేదు.)

"మీ జంతువు చనిపోయి ఉంటే ఒకటి నొక్కండి," అంది ఫోనులో ఒక తియ్యటి గొంతు. "బతికి ఉంటే రెండు నొక్కండి. ఏదీ తేల్చుకోలేకపోతే, తేలేవరకు లైనులో ఉండండి."

రెండు నొక్కింది. సంగీతం మొదలైంది. అది అయిపోయి, కాసేపు ఊపిరి తీసుకుని, మళ్ళీ మొదటికొచ్చింది. విసుగెత్తి ఫోను పెట్టేసి మళ్ళీ చేసినప్పుడు, చలికి కొంకర్లు పోయిన వేలు పొరపాటున ఒకటి మీద పడింది. వెంటనే ఎవరో ఎత్తారు.

"చెప్పండి మేడమ్, బండి సిద్ధంగా ఉంది. ఎక్కడికి రమ్మంటారు?"

"ఇంకా బతికే ఉందండీ."

"ఓ. బతికుందా." ఆ గొంతులో నీరసం స్పష్టంగా తెలిసింది. "అలాగైతే మా పరిధి కాదు మేడమ్. పోయాక చెయ్యండి, ఇట్టే వాలిపోతాం."

చివరికి బతికున్నవాటి ఉద్యోగి దొరికాడు. అతను ఎంతో మర్యాదస్తుడు. మర్యాదలో ఆ విభాగాన్ని వేలెత్తి చూపినవాళ్ళు లేరు.

"దానికి తినడానికి ఏమైనా పెట్టారా మేడమ్?"

"లేదండీ. కాస్త అన్నం పెడదామని..."

"పెట్టకండి. పద్నాలుగో నిబంధన ప్రకారం మీ చేతి మెతుకు తిన్న మరుక్షణం అది మీ పెంపుడు జంతువు అయిపోతుంది. పెంపుడు నక్కకు లైసెన్సు కావాలి. నక్కలకు మేం లైసెన్సు ఇవ్వం."

"పోనీ ఒక దుప్పటి కప్పనా?"

"కప్పితే ఆశ్రయం ఇచ్చినట్టు లెక్క. అది ఇంకా పెద్ద నిబంధన. చూడడానికైతే అభ్యంతరం లేదు మేడమ్. ఎంతసేపైనా చూడొచ్చు."

(ఎలా చూడాలన్నది నిబంధనల్లో లేదు గనక కోడలు జాలిగానే చూసింది.)

"మరి మీరెప్పుడు వస్తారండీ?"

"వరుసలో పెట్టాను మేడమ్. మీ ముందు ఒక కొంగ ఉంది. వడదెబ్బ కేసు."

కోడలు పెరట్లో మంచు వైపు చూసింది. ఆ కొంగ ఎప్పటినుంచి ఎదురుచూస్తోందో అడగడానికి ఆమెకు ధైర్యం చాలలేదు.

"ఈలోగా ఉదయం నుంచి ఏం జరిగిందో వివరంగా చెప్పండి. అంతా రికార్డు అవుతుంది," అన్నాడు ఉద్యోగి.

ఫోను స్పీకరులో ఉంది. గుమ్మంలో నిలబడ్డ అత్తగారికి ఓపిక నశించింది. "జరిగేదేముంది? పొద్దున లేస్తూనే నక్క తోక తొక్కింది మా కోడలు. లేకపోతే బడి పని మొత్తం ఇంటికి నడిచొస్తుందా?"

అవతల కంప్యూటరు మీట్ల చప్పుడు ఠక్కున ఆగిపోయింది.

"ఎవరు తొక్కారు?"

"అయ్యో, అది మాటవరసకి అన్నారండీ. అదృష్టం కలిసొచ్చిందని," అంది కోడలు కంగారుగా.

"ఎవరికి కలిసొచ్చింది?"

"నాకేనండీ."

"నక్కకి?"

"నక్కకేం కలిసొస్తుందండీ."

"అంటే తొక్కింది మీరు, లాభం మీకు, నష్టం నక్కకి," అన్నాడు ఉద్యోగి మెల్లగా, ఒక్కో ముక్కా టైపు చేసుకుంటూ. "మీరు అక్కడే ఉండండి మేడమ్. నక్కని కూడా ఉండమనండి."

ఈసారి సంగీతం లేదు. బకెట్లో బట్టలు బకెట్లో ఉండగానే సైరను మోగించుకుంటూ జీపొకటి వచ్చి ఇంటిముందు ఆగింది. ఆ మోతకు మొగుడు రెండు కళ్ళూ ఒకేసారి తెరిచాడు. జీపులోంచి జీవహింస విచారణాధికారి దిగాడు. ఆయన వెనక మందుల పెట్టెతో ఒక పశువుల డాక్టరు.

"బాధితుడు ఎక్కడ?" అన్నాడు అధికారి.

నీళ్ళ డ్రమ్ము వెనక బాధితుడు కళ్ళు మూసుకుని వణుకుతున్నాడు. డాక్టరు వంగి తోక పరీక్షించి, చెవుల వెనక చూసి, పొట్ట మీద చెయ్యి పెట్టాడు.

"తోకకు దెబ్బేమీ లేదు సార్. ఇదంతా గజ్జి. మందు వేసి వెచ్చగా ఉంచితే బతుకుతుంది. ఇక్కడే వదిలేస్తే ఇవాళ్టితో సరి."

అధికారి పెన్నుకు మూత పెట్టేశాడు. "దెబ్బ లేకపోతే బాధితుడు లేడు. బాధితుడు లేకపోతే ఇది ఉత్త జబ్బు నక్క. ఉత్త నక్కల్ని బండెక్కించుకునే అధికారం నాకు లేదు." జీపు వైపు రెండడుగులు వేసి, ఎందుకో ఆగి, కోడలి వైపు తిరిగాడు. "ఏమ్మా, ఒకసారి బాగా ఆలోచించుకుని చెప్పండి. తొక్కారా, లేదా? లేదంటే మేం వెళ్ళిపోతాం."

కోడలు చీమను చూసి పక్కకు తప్పుకునే మనిషి. పుట్టాక ఇంతవరకు ఎవరి కాలూ తొక్కి ఎరగదు. పోలీసన్నా, కేసన్నా ఆమెకు గుండె దడ. ఇంత పని చేతికొచ్చిన రోజునే ఊళ్ళో పేరు చెడితే బడివాళ్ళు ఏమంటారో అన్న భయం కూడా ఉంది. ఆమె నక్క వైపు చూసింది. దాని డొక్క పైకి లేచి, చాలాసేపు ఆగి, మళ్ళీ కిందికి దిగింది.

"తొక్కానండీ," అంది.

"కావాలనేనా?"

"కావాలనే."

"కారణం?"

ఈ ప్రశ్నకు కోడలు సిద్ధంగా లేదు. అత్తగారి వైపు చూసింది.

"పొగరు," అంది అత్తగారు వెనకనుంచి.

అధికారి మూత తీసి "పొగరు" అని రాసుకున్నాడు.

ఆ తర్వాత పనులన్నీ చకచకా జరిగిపోయాయి. కప్పకూడదన్న దుప్పటిని డాక్టరే అడిగి తీసుకున్నాడు. (కేసుకు సంబంధించిన దుప్పటి కాబట్టి దానికి నిబంధన వర్తించదు.) కోడలు పెట్టెలోంచి కొత్తది తీసిచ్చింది. అందులో చుట్టి బండెక్కిస్తుంటే నక్క ఒక్కసారి మూతి బయటపెట్టి చూసింది. జీపు వీధి మలుపు తిరిగాక కోడలు గుమ్మంలో కూలబడి ఏడ్చింది. భయం, సంతోషం రెండూ కలిసి వచ్చిన ఏడుపు అది. అత్తగారు పక్కన చేరి, శాలువా సగం ఆమె భుజం మీదికి లాగింది.

చలి తగ్గుముఖం పట్టాక ఒక సాయంత్రం విచారణాధికారి మళ్ళీ వచ్చాడు, ఈసారి సైరను లేకుండా. నక్కకు పూర్తిగా నయమైందట. బొచ్చు పెరిగి, కరవడానికి వచ్చేంత ఆరోగ్యంగా ఉంటే అడవిలో వదిలేశారట. కోడలు ఇకమీదట నక్కల తోకలకు దూరంగా మసలుకోవాలని హెచ్చరించి కేసు మూసేశారట.

"ఒకమాట అడగనా అండీ?" అంది కోడలు. "ఆ రోజు నేను దాన్ని తొక్కలేదు."

"తెలుసమ్మా. డాక్టరు చూసినప్పుడే తెలిసింది."

"మరి జబ్బు చేసిందని ఫోను చేస్తే ఎందుకు రారు?"

అధికారి చుట్టూ చూసి, గొంతు కాస్త తగ్గించాడు. "బాధపెట్టినవాళ్ళ కోసం మాకొక విభాగం ఉందమ్మా. బాధపడేవాళ్ళ కోసం ఇంకా మంజూరు కాలేదు."

అత్తగారు కుర్చీలో కూర్చుని ఇదంతా వింటోంది. మోకాళ్ళ ఆపరేషను కోసం ఆవిడ పేరు పెద్దాసుపత్రి వరుసలో ఎక్కి చాలా కాలమైంది. ఈ మాట వినగానే కుర్చీ ముందుకు జరుపుకుంది.

"మనుషులకీ ఇదే పద్ధతా బాబూ?"

"ఇంచుమించు ఇదేనమ్మా."

"అయితే రాసుకో. నా మోకాళ్ళు ఈ కోడలే విరగ్గొట్టింది."

అధికారి పెన్ను మూత తీసి కోడలి వైపు చూశాడు. "ఒకటా అమ్మా, రెండూనా?"

"రెండూ నేనేనండీ," అంది కోడలు.